నల్లపుట, నల్లగొర్రె: తెలుగు ఆదివారబడి శిశుబోధనలో మాట, రంగు, పోలిక

వ్యాససంగ్రహం

క్రైస్తవ సంఘాల ఆదివారబడుల్లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు చెప్పే కథ, పాడించే పాట, చూపే బొమ్మ కలిసి ఒక చిన్న సాహిత్యప్రపంచం. తెలుగు బాలసాహిత్య చర్చల్లో దానికి దక్కిన చోటు స్వల్పం. ఆ బోధనలోని మూడు అంశాలను, అంటే 'పాపం' అనే మాటను, 'మాటలు లేని పుస్తకం'లోని నల్లపుటను, మంచికాపరి కథలోని గొర్రెను, ఈ వ్యాసం తెలుగు శిశువు భాషానుభవం వైపు నుంచి పరిశీలిస్తుంది. పెద్దల కోసం పుట్టిన పోలికను పసిపిల్లల ముందు ఉంచినప్పుడు పోలిక జారిపోయి వస్తువు మాత్రమే మిగులుతుందని, కాబట్టి ఆ వస్తువు రంగు కేవలం అలంకారానికి సంబంధించినది కాదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆదివారబడి, శిశుబోధన, బాలసాహిత్యం, క్రైస్తవ తెలుగు, వర్ణప్రతీక, మంచికాపరి.

1. శిశుతరగతి

ఆరాధనకు ముందో, ఆరాధన జరుగుతున్నప్పుడో మందిరం పక్క గదిలోనో వరండాలోనో చాప పరచి పిల్లలను కూర్చోబెట్టడం తెలుగు ఊళ్లలో సాధారణంగా కనిపించే ఆదివారపు దృశ్యం. వయసు ప్రకారం విడదీసే చోట్ల అందరికంటే చిన్నవాళ్ల గుంపును 'బిగినర్స్' అంటారు. వీళ్లకు పాఠం చెప్పేది ఎక్కువగా సంఘంలోని యువతులే. జీతం లేని పని. పిల్లలకు ఆమె 'అక్క' లేదా 'టీచరక్క'. వేసవి సెలవుల్లో నడిచే బైబిలు బడుల్లో ఈ గుంపు మరింత పెరుగుతుంది. ఇతర మతాల ఇళ్ల పిల్లలు కూడా పాటల కోసం, బొమ్మల కోసం వచ్చి కూర్చుంటారు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే నగరపు పిల్లలకు పొందికైన తెలుగు వాక్యం చెవిన పడే కొద్ది చోట్లలో ఈ చాప ఒకటి కావడం భాషాధ్యాపకులు పట్టించుకోవలసిన విషయం.

ఆదివారబడి పుట్టుకలో శిశువు లేడు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ నెలకొల్పిన బడి, వారమంతా పనిచేసే పిల్లలకు సెలవురోజున చదువు నేర్పడానికి ఏర్పడింది. ఇండియా సండే స్కూల్ యూనియన్ 1876లో ఏర్పడేనాటికి కూడా ఆ బడి ప్రధానంగా అక్షరం పట్టుకోగల పిల్లలదే. అంతకంటే చిన్నవాళ్లు తరువాత వచ్చి చేరారు. వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక బోధన పుట్టలేదు. పెద్దపిల్లల పాఠాన్నే కుదించి, బొమ్మ జోడించి, చేతులాడించే పాటగా మార్చి వాళ్లకు అందించారు. కుదించిన పాఠంలో నిడివి తగ్గింది కాని ఊహ తగ్గలేదు. ఈ వ్యాసం చర్చించే చిక్కులకు మూలం అక్కడే ఉంది.

శిశువుల మతభావన గురించిన పరిశోధనలు తక్కువేమీ కావు. రోనాల్డ్ గోల్డ్‌మన్ 1964లో ప్రచురించిన గ్రంథంలో, బ్రిటిష్ పిల్లలు బైబిలు కథలను చాలాకాలం అక్షరార్థంలోనే తీసుకుంటారని చూపి, ఉపమానాలను తొందరపడి బోధించడాన్ని ప్రశ్నించాడు. జేమ్స్ ఫౌలర్ 1981లో వివరించిన విశ్వాసదశల్లో సుమారు మూడు నుంచి ఏడేళ్ల మధ్య దశ తర్కంతో నడవదు. చిత్రంతో, భయంతో, ఊహతో నడుస్తుంది. అప్పుడు పడిన చిత్రం ఆ తరువాత తర్కం వచ్చినా సులభంగా చెరగదు. ఈ పరిశీలనలను తెలుగు చాప మీదికి తెచ్చినప్పుడు, ఇంగ్లీషు పాఠంలో లేని కొన్ని సంగతులు కేవలం తెలుగు కారణంగా తలెత్తుతాయి.

2. పాప, పాపం, పాపి

తెలుగు బిడ్డ నోట 'పాపం' అనే మాట చాలా ముందుగానే పలుకుతుంది. అది ధర్మశాస్త్రాల పాపం కాదు. కుక్కపిల్ల కుంటుతుంటే 'పాపం'. చెల్లికి జ్వరం వస్తే 'పాపం'. బొమ్మ చెయ్యి విరిగినా 'పాపం'. తెలుగులో ఈ మాటకు జాలిని తెలిపే అవ్యయంగా గట్టి ప్రయోగం ఉంది. బిడ్డకు మొదట పరిచయమయ్యేది ఆ అర్థమే. దాని పక్కనే 'పాప' అనే దేశ్యపదం ఉంది: పసిబిడ్డ, కంటిపాప, ముద్దుగా పాపాయి. వ్యుత్పత్తి ప్రకారం సంస్కృత 'పాప'కూ తెలుగు 'పాప'కూ చుట్టరికం లేదు. కాని శిశువు నిఘంటువు చూసి మాట నేర్చుకోదు. చెవికి దగ్గరగా ఉన్నవి అర్థంలోనూ దగ్గరవుతాయి. రష్యన్ పిల్లల మాటలను దశాబ్దాలపాటు సేకరించిన కోర్నేయ్ చుకోవ్‌స్కీ 'రెండు నుంచి ఐదు వరకు' అనే పుస్తకంలో చూపించింది ఈ గుణాన్నే: తెలియని మాటను పిల్లలు తెలిసిన మాటతో ముడివేసి సొంతంగా అర్థం కట్టుకుంటారు.

ఇప్పుడు మూడేళ్ల పిల్లకు 'మనందరం పాపులం' అనే వాక్యాన్ని వినిపిస్తే అది ఎక్కడికి చేరుతుంది? 'మనందరం పాపలం' అనే వాక్యానికి దానికి మధ్య ఉన్నది ఒక్క కొమ్ము. 'నీలో పాపం ఉంది' అన్నది ఆ వయసు తెలుగులో దాదాపు 'నీలో జాలి ఉంది' అన్నంత మెత్తగా వినబడుతుంది. ఇంగ్లీషు 'సిన్'కు ఇటువంటి వెచ్చని ఇరుగుపొరుగు లేదు. అందువల్ల ఇంగ్లీషు పాఠాన్ని మక్కికి మక్కిగా తెలుగు చేసినవారికి ఈ చిక్కు కనిపించదు. అనువాదం తప్పు కాదు, మాటా సరైనదే. పిల్ల ఇంట్లో ఆ మాట ముందే మరో పనిలో కుదురుకొని ఉంది.

అనుభవం గల అక్కలు చాలామంది ఇక్కడ తమకు తెలియకుండానే ఒక సవరణ చేస్తారు. 'పాపం' అనవలసిన చోట 'తప్పు' అంటారు. సిద్ధాంతనిష్ఠ కలిగినవారికి ఇది నీళ్లు కలపడంగా తోస్తుంది. పాపం ఒక స్థితి, తప్పు ఒక చేష్ట. చేష్టను దిద్దుకుంటే స్థితి మారదు గదా అన్నది వారి ఆక్షేపణ. సిద్ధాంతపరంగా అది తోసిపుచ్చదగినది కాదు. అయితే భాష వైపు నుంచి చూస్తే లెక్క వేరు. గ్రీకు కొత్త నిబంధనలో 'పాపం'గా అనువాదమైన 'హమార్తియా' మాటకు మూలంలో ఉన్న భావం గురి తప్పడం. తెలుగు 'తప్పు' ధాతువుకు కూడా ఉన్నది అదే భావం: గురి తప్పు, దారి తప్పు, మాట తప్పు. 'తప్పిపోయిన గొర్రె' అన్న పలుకుబడిలోనూ అదే ధాతువు. అంటే 'తప్పు' అనే చిన్నమాటతో అక్క పాఠాన్ని పలచన చేయడం లేదు. లూకా సువార్త పదిహేనో అధ్యాయంలోని కథకు తెలుగు సొంతంగా ఇచ్చిన దారిని పట్టుకుంటోంది. 'గొర్రెపిల్ల తప్పిపోయింది' అనగానే నాలుగేళ్ల పిల్ల 'అయ్యో పాపం' అంటుంది. అనువాదంలో అడ్డుగా నిలిచిన జాలిపదం కథలో సరైన చోట దానంతటదే పలికింది.

'యేసయ్య', 'మరియమ్మ' అనే పిలుపులను కూడా ఈ కోవలోనే గమనించాలి. 'అయ్య', 'అమ్మ' అనే ఇంటిమాటలు చేరడంతో పరదేశపు పేర్లు బంధుత్వంలోకి వచ్చాయి. శిశుతరగతికి ఇంతకంటే గొప్ప అనువాదం మరొకటి లేదు. దాన్ని ఏ సంఘపు కమిటీ కూర్చొని తీర్మానించలేదు.

పాటల సంగతి వేరుగా చర్చించవలసినది కనుక ఇక్కడ ఒక్కమాట చాలు. ఇంగ్లీషు బాణీలు ఏకాక్షర పదాల మీద నడుస్తాయి. తెలుగు పదం అజంతం, పైగా ప్రత్యయంతో పొడుగు. బాణీ సాగే చోటికి తరచు ఒక 'కు' గాని 'ను' గాని వచ్చి పడుతుంది, హ్రస్వం దీర్ఘమవుతుంది. 'పడు'కూ 'పాడు'కూ తేడా ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న చెవికి ఇది చిన్న నష్టమేమీ కాదు. దేశీయ రాగతాళాల్లో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పెద్దలకు చేసిపెట్టిన మేలు పసిపిల్లలకు అందలేదు.

3. నల్లపుట

'మాటలు లేని పుస్తకం' గురించి తెలియని ఆదివారబడి ఉపాధ్యాయిని అరుదు. అక్షరం ఉండదు, బొమ్మ ఉండదు; రంగు కాగితాలే పుటలు. నలుపు పాపానికి, ఎరుపు క్రీస్తు రక్తానికి, తెలుపు శుద్ధి పొందిన హృదయానికి, బంగారు రంగు పరలోకానికి, ఆకుపచ్చ ఎదుగుదలకు గుర్తులు. పూసల గొలుసుగా, చేతిపట్టీగా, కాగితపు గుండెగా కూడా ఈ రంగులు పిల్లల చేతికి వస్తాయి. చదువు రాని పిల్లకు ఇంతకంటే సులభమైన పుస్తకం ఉండదని దీనికి పేరు.

దీని చరిత్ర చూస్తే విషయం తిరగబడుతుంది. 1866లో లండన్‌లో చార్లెస్ స్పర్జన్ చేసిన ప్రసంగంలో ఈ పుస్తకం వినిపిస్తుంది. అప్పటికి ఉన్న పుటలు నలుపు, ఎరుపు, తెలుపు మాత్రమే. దాన్ని పదేపదే తెరిచి చూసుకున్నది శిశువు కాదు, ఒక వృద్ధ బోధకుడు. జీవితకాలమంతా చదివిన గ్రంథాన్ని మూడు రంగుల్లోకి కుదించుకొని ధ్యానించిన మనిషి ఆయన. ఆయనకు నలుపు ఒక సంకేతం. వెనుక వేల వాక్యాల జ్ఞాపకం ఉంది. 1875లో డి. ఎల్. మూడీ బంగారు పుటను చేర్చి పిల్లల సభలో వాడినప్పుడు ఈ వృద్ధుడి ధ్యానవస్తువు పిల్లల పాఠ్యపుస్తకమైంది. చదివినవాడికి సారాంశంగా ఉన్నది చదవనివాడికి ప్రవేశికగా మారింది. ఈ మార్పులో వెనుకనున్న వేల వాక్యాలు రాలిపోయి చేతిలో రంగు మిగిలింది.

స్పర్జన్ ప్రసంగానికి ఆధారం యాభైయొకటో కీర్తన. హిమం కంటే తెల్లనవడం అందులోని పోలిక. తెలుగు బిడ్డకు 'హిమం' తెలియని మాట. 'మంచు' అని మార్చితే అది సంక్రాంతి ఉదయాన ఎదుటి ఇంటిని కనబడనీయని పొగమంచు, లేదా గడ్డిమీద నీటిబొట్టు. రెండింటికీ తెల్లదనంతో పెద్ద సంబంధం లేదు. ఇక నలుపు సంగతి. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో పాపానికి చెప్పిన రంగు ఎరుపు. రంగుల పుస్తకంలో ఎరుపు పాపాన్ని కడిగేది. పరమగీతం మొదటి అధ్యాయంలో నాయిక తన నలుపునూ తన సౌందర్యాన్నీ ఒకే ఊపిరిలో చెప్పుకుంటుంది. కాబట్టి నలుపే పాపమనే సమీకరణం బైబిలు నుంచి సూటిగా దిగివచ్చినది కాదు; యూరపు వర్ణవ్యవహారం మధ్యలో చేయి వేసింది.

తెలుగులో నలుపుకున్న బతుకు ఇంకా చిక్కనైనది. నల్లరేగడి పత్తి పండించే నేల. నల్లమబ్బు కోసం రైతు తల ఎత్తి చూస్తాడు. కృష్ణుణ్ణి నల్లనయ్య అని పిలుచుకునే భాష ఇది. అన్ని ఇళ్లలో కాకపోయినా చాలా ఇళ్లలో పసిబిడ్డ బుగ్గన పెట్టే కాటుకచుక్క నలుపే. అది బిడ్డను కాచే నలుపు. ఇవన్నీ చెప్పి ఊరుకుంటే సగం నిజమే అవుతుంది. ఇదే భాషలో పెళ్లిచూపుల నాటికి 'పిల్ల కొంచెం చామనఛాయ' అని గొంతు తగ్గించి చెప్పే మాట ఉంది. పుట్టిన బిడ్డను చూసి వచ్చినవారు మొదట విచారించేది రంగే. నాలుగేళ్లు వచ్చేసరికి తాను నలుపన్న సంగతి చాలామంది ఆడపిల్లలకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నల్లపుట తెరుచుకునేది ఆ పిల్ల ముందు.

'ఆ నలుపు హృదయానిది, చర్మానిది కాదు' అన్నది సమర్థకుల సమాధానం. ఆ భేదం చేయగల వయసు వేరు. కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు 1940ల దశకంలో అమెరికాలో 253 మంది నల్లజాతి పిల్లలకు, మూడు నుంచి ఏడేళ్ల వయసువారికి, తెల్లబొమ్మనూ గోధుమరంగు బొమ్మనూ చూపి ప్రశ్నలడిగారు. ఎక్కువమంది మంచిబొమ్మ అంటూ తెల్లదాన్నే చూపించారు. ఆ పిల్లలకు ఎవరూ హృదయం గురించి చెప్పలేదు, చర్మం గురించీ పాఠం పెట్టలేదు, రంగే పాఠమైంది. ఈ పుటను తరువాతి కాలపు బోధకులు 'చీకటిపుట' అని పేరు మార్చి వాడటంలోనే ఈ ఇబ్బందికి అంగీకారం ఉంది. పేరు మారింది, కాగితం మారలేదు. పిల్ల చూసేది కాగితాన్ని.

తెలుగు సంఘాల సామాజిక చరిత్ర ఈ ప్రశ్నను మరింత బరువు చేస్తుంది. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన ఘటన మొదలుగా, ఆంధ్రప్రాంతపు సంఘాలు పెరిగింది ప్రధానంగా దళిత వాడల్లో. ఎవరి నీడ సోకితే మైల అన్నారో వాళ్ల మనవలు ఈనాడు ఆ చాపల మీద కూర్చుంటున్నారు. 'మురికి', 'నలుపు', 'కడుగుట' అనే మూడు మాటలు ఆ వాడలో నిర్దోషంగా వినబడవు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువ 1941లో అశుభమని జనం తరిమే గబ్బిలాన్ని సందేశహారిగా ఎంచుకున్నాడు. 'శిశువు' పద్యాలు, 'క్రీస్తు చరిత్ర' కూడా ఆయన కలం నుంచి వచ్చినవే. ఈ మూడు రచనలనూ కలిపి చదివిన బోధకుడికి నల్లపుట దగ్గర చేయి కాస్త ఆగాలి.

దక్షిణ భారతంలో ఈ రంగుల పాఠాన్ని వాడినవారిలో ఏమీ కార్‌మైకేల్ ఒకరు. ఐర్లండులో చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె గోధుమరంగు కళ్లకు బదులు నీలికళ్లు కావాలని ప్రార్థించి, ఉదయాన్నే అద్దం చూసుకొని నిరాశపడిన కథ ఆదివారబడుల్లో ఎంతో ప్రసిద్ధం. ప్రార్థనకు 'కాదు' అన్నదీ జవాబేనని ఆ కథ నీతి. దాన్ని రంగు గురించిన కథగా చదివితే, తన రంగు మారాలని దేవుణ్ణి అడిగిన పసిపిల్ల అందులో కనిపిస్తుంది.

4. గొర్రెది ఏ రంగు?

నల్లపుటను తీసేస్తే దాని చోట ఏం పెట్టాలన్న ప్రశ్నకు రోమ్‌లో ఒక పాతజవాబు ఉంది. హీబ్రూ పండితురాలు సోఫియా కవలెత్తి (1917–2011), మాంటిసోరి పద్ధతిలో ఆరితేరిన జానా గొబ్బి 1954లో అక్కడ శిశుబోధన ప్రారంభించారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు అన్ని కథల్లోకీ మంచికాపరి కథకే పదేపదే తిరిగిరావడాన్ని వారు గమనించారు. కర్రతో చేసిన చిన్న కాపరి, కొన్ని గొర్రెలు, ఒక దొడ్డి. ఉపాధ్యాయిని కథ చెప్పి ఊరుకుంటుంది. గొర్రెలు ఎవరని విప్పి చెప్పదు. ఆ తరువాత పిల్ల ఆ బొమ్మలతో తానే పని చేసుకుంటుంది. పోలికను విప్పే తొందర పెద్దలది. పిల్లకు కాపరి, గొర్రె, దొడ్డి చాలు. గోల్డ్‌మన్ లేవనెత్తిన అభ్యంతరానికి ఇది సూటిగా సమాధానం కాకపోయినా పక్కదారిన దాన్ని దాటిపోయింది. ఉపమానం అర్థం కానప్పుడు అర్థాన్ని వాయిదా వేసి వస్తువును ఇవ్వవచ్చునని కవలెత్తి చూపింది.

అయితే ఆ వస్తువు తెలుగు నేలకు వచ్చేటప్పుడు రూపం మార్చుకోలేదు. ఆదివారబడి పటాల్లో కనిపించే గొర్రె ఉన్ని ఉండలాగా తెల్లగా, గుండ్రంగా ఉంటుంది. వెనుక పచ్చని కొండ. తెలుగు ప్రాంతపు గొర్రెలు అలా ఉండవు. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. పొడవాటి కాళ్లతో దూరం నుంచి మేకలాగా కనిపిస్తుంది. అందులో పల్ల, జోడిపి, డోర అనే రకాలున్నాయి. పల్ల తెలుపు, డోర గోధుమవన్నె, జోడిపికి తెల్లని ఒంటిమీద మూతి, కళ్ల దగ్గర నల్లని మచ్చలు. తెలంగాణలో కురుమలు తరతరాలుగా మేపిన దక్కనీ గొర్రె ఉన్ని నలుపు. ఆ ఉన్నితోనే గొంగడి నేస్తారు. వానకూ చలికీ ఎండకూ కాపరి కప్పుకునేది, రాత్రి పరుచుకునేది ఆ గొంగడినే. నల్లగొర్రె తన ఒంటి రంగునే కాపరికి కప్పుగా ఇస్తుంది. మంచికాపరి పాఠానికి ఇంతకంటే దగ్గరి వస్తువు ఏ పటంలోనూ దొరకదు.

ఆదికాండం ముప్పయ్యో అధ్యాయంలో యాకోబు తన జీతంగా అడిగి తీసుకున్నది మందలోని నల్లని గొర్రెపిల్లలను, మచ్చల మేకలను. అతని సంపద పెరిగింది వాటితోనే. ఆ కథలోని బేరసారాలు శిశుతరగతికి పనికిరావు. కాని నల్లగొర్రెను వంశానికి మచ్చగా చూసే ఇంగ్లీషు నుడికారానికి గ్రంథంలో ఆధారం లేదని ఉపాధ్యాయినికి తెలిసి ఉండటం అవసరం.

ఇక్కడ కొన్ని ఇబ్బందులను దాచనక్కర లేదు. తెలుగులో 'గొర్రె' అంటే తెలివితక్కువవాడు. 'గొర్రెదాటు' అంటే గుడ్డిగా వెంటపడటం. అందుకే అక్కలు పిల్లలను 'గొర్రెలు' అనరు, 'గొర్రెపిల్లలు' అంటారు. ఆ 'పిల్ల' చేరగానే తిట్టు ముద్దయింది. కాని సువార్తలో గొర్రెపిల్ల క్రీస్తుకూ పేరు కనుక, ఒకే గంటలో తాను గొర్రెపిల్ల, యేసయ్య కాపరి, మళ్లీ యేసయ్యే గొర్రెపిల్ల అని వినే పిల్ల దిక్కు తోచక చూడటంలో ఆశ్చర్యం లేదు. ఒక వారం ఒకే పోలిక చెప్పడం తప్ప దీనికి మార్గం లేదు. మరో సంగతి, ఆదివారం తెలుగు ఇళ్లలో మాంసం వండుకునే రోజు. కాపరి ప్రాణం పెట్టి కాచిన గొర్రె కథ విని ఇంటికి వెళ్లిన నగరపు పిల్ల చూసే గొర్రె దుకాణంలో వేలాడేదే కావచ్చు. రోమ్‌లోనూ అంతే, అయినా ఆ పిల్లలు కర్రగొర్రెల దగ్గరికే తిరిగివచ్చారు.

పునాది దశకు 2022లో వెలువడిన జాతీయ పాఠ్యచట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంటిభాషను, స్థానికంగా దొరికే ఆటవస్తువులను సూచిస్తుంది. అది అంగన్‌వాడీలకూ బడులకూ వర్తించేది. మందిరపు వరండాకు అధికారికంగా వర్తించదు. కాని చాప మీద కూర్చునేది అదే పిల్ల. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో ఆవులు, ఏనుగులు, కల్లుగీసే మనుషులు తయారవుతారు. అదే కర్రతో పది గొర్రెలు, గొంగడి కప్పుకున్న ఒక కాపరి చేయించడం ఏ సంఘానికైనా భరించలేని ఖర్చు కాదు. పదింటిలో నాలుగు నల్లవి, మూడు గోధుమవి, రెండు తెల్లవి, ఒకటి మూతి దగ్గర మచ్చతో ఉండాలి. తప్పిపోయింది ఏదో, కాపరి భుజాన ఎత్తుకొని తెచ్చింది ఏదో అక్క చెప్పకూడదు. పిల్లే ఎంచుకోవాలి.